పోర్టు కనబడుతోంది, ప్రోగ్రామ్ మాత్రం ఎక్కడం లేదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మైక్రోకంట్రోలర్‌లోకి (పరికరాలను నడిపించే బుల్లి కంప్యూటర్ చిప్పులోకి) ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు, దాన్ని కంప్యూటర్ యూఎస్‌బీకి కలిపే యూఎస్‌బీ–సీరియల్ అడాప్టర్ పెట్టే తిప్పల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈ సంచికలో శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మినీ ప్రాజెక్టు కోసం వైఫై, కెమెరా ఉన్న ఈఎస్‌పీ32–క్యామ్ అనే మైక్రోకంట్రోలర్ బోర్డు, ఎఫ్‌టీ232 చిప్పు ఉన్న ఎర్రటి అడాప్టర్ కొన్నాను. కంప్యూటర్‌లో పోర్టు కనబడుతోంది. అప్‌లోడ్ నొక్కగానే ‘కనెక్టింగ్’ అని వచ్చి, దాని పక్కన చుక్కలు వరుసగా పడుతూ పోయి, చివరికి ‘ఫెయిల్డ్ టు కనెక్ట్’ అని ఆగిపోతోంది. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను, కేబుల్ మార్చాను, ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌ను కూడా తీసేసి కొత్తగా పెట్టాను. ఫలితం లేదు. బోర్డు పాడైందనుకోవాలా?
— ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: బోర్డు పాడైందని అప్పుడే అనుకోవద్దు. మీరు చేసిన పనులన్నీ కంప్యూటర్‌కూ అడాప్టర్‌కూ మధ్య ఉన్న భాగాన్ని సరిచేసేవి. కానీ పోర్టు కనబడుతోందంటే ఆ భాగం దాదాపు బాగున్నట్టే. డ్రైవర్ లేకపోయినా, కేబుల్‌లో డేటా తీగలు లేక కేవలం ఛార్జింగ్ తీగలే ఉన్నా అసలు పోర్టే కనబడదు. పోర్టు కనిపించిన తర్వాత కూడా డ్రైవర్‌తోనే కుస్తీ పట్టడం మన విద్యార్థుల్లో చాలామందికి ఉన్న అలవాటు. ఆ సమయాన్ని అడాప్టర్‌కు ఇవతలి వైపు, అంటే తీగల మీద, బోర్డు మీద పెట్టడం మేలు.

ముందుగా అడాప్టర్‌ను విడిగా పరీక్షించండి. బోర్డుకు వెళ్ళే తీగలన్నీ తీసేసి, అడాప్టర్ మీది టీఎక్స్ (పంపే), ఆర్‌ఎక్స్ (అందుకొనే) పిన్నులను ఒకే జంపర్ తీగతో కలపండి. సీరియల్ మానిటర్ (పోర్టు గుండా అక్షరాలు పంపి, వచ్చినవాటిని చూపే ఆర్డుయినో కిటికీ) తెరిచి ఏవైనా అక్షరాలు పంపితే అవే అక్షరాలు తిరిగి రావాలి, తీగ తీయగానే ఆగిపోవాలి. తీగ తీసిన తర్వాత కూడా వస్తున్నాయంటే మీరు వాడే టెర్మినల్ సాఫ్ట్‌వేర్ తాను పంపినవాటిని తానే చూపిస్తోందని అర్థం. ‘లోకల్ ఎకో’ను ఆపి మళ్ళీ చూడండి. అయితే ఈ పరీక్షకు కొన్ని పరిమితులున్నాయి. పంపేదీ పుచ్చుకొనేదీ ఒకే చిప్పు కాబట్టి, అది వేగాన్ని కాస్త తప్పుగా లెక్కించినా అక్షరాలు సరిగ్గానే తిరిగి వస్తాయి. సంకేతం 5 వోల్టులదా 3.3 వోల్టులదా అన్నది కూడా దీనిలో తేలదు. ఆ రెండో విషయం మీకు ముఖ్యం. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టుల కోసం తయారైనవి. అడాప్టర్ మీది చిన్న జంపర్ 5 వోల్టుల వైపు ఉంటే, తీగలు కలపడానికి ముందే దాన్ని 3.3 వైపుకు మార్చండి.

అలా మార్చినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఈ రకం అడాప్టర్లలో చాలావాటికి జంపర్ మారిస్తే సంకేతంతో పాటు వీసీసీ (కరెంటు సరఫరా) పిన్నులో వచ్చే వోల్టేజీ కూడా 3.3కు మారిపోతుంది. ఎఫ్‌టీ232ఆర్ఎల్ చిప్పు తనలోని రెగ్యులేటర్ ద్వారా ఇవ్వగలిగేది 50 మిల్లీఆంపియర్లు మాత్రమే. వైఫై, కెమెరా రెండూ పనిచేసే బోర్డుకు అది ఏ మూలకూ చాలదు. అందువల్ల పాత ఫోన్ ఛార్జర్ వంటి వేరే 5 వోల్టుల సరఫరాను బోర్డు మీది 5వీ పిన్నుకు ఇచ్చి, ఆ సరఫరా గ్రౌండ్‌నూ, అడాప్టర్ గ్రౌండ్‌నూ, బోర్డు గ్రౌండ్‌నూ ఒకచోట కలపండి. గ్రౌండ్ కలపకపోతే మిగతా తీగలన్నీ సరిగ్గా ఉన్నా ఒక్క అక్షరం కూడా కుదురుగా అందదు. బోర్డు మీద అక్షరాలు అందుకొనే యు0ఆర్, పంపే యు0టీ పిన్నుల పక్కనే వీసీసీ అని ఒక పిన్ను ఉంటుంది; అది బయటికి కరెంటు ఇచ్చే పిన్ను, దానికి 5 వోల్టులు ఇవ్వకూడదు.

ఇక అసలు సంగతికి వద్దాం. మామూలు ఈఎస్‌పీ32 బోర్డుల మీద యూఎస్‌బీ–సీరియల్ చిప్పు నుంచి వచ్చే డీటీఆర్, ఆర్‌టీఎస్ అనే నియంత్రణ తీగలను రెండు ట్రాన్సిస్టర్ల గుండా నడిపించి, ప్రోగ్రామ్ ఎక్కించే ముందు చిప్పును దానంతట అదే డౌన్‌లోడ్ (ప్రోగ్రామ్ అందుకొనే) స్థితికి తెచ్చే ఏర్పాటు ఉంటుంది. క్యామ్ బోర్డు మీద ఆ ఏర్పాటు లేదు, ఆ పని మనమే చేతితో చేయాలి. ఐఓ0 పిన్ను గ్రౌండ్‌కు కలిపి ఉండగా రీసెట్ నొక్కితేనే చిప్పు ప్రోగ్రామ్ కోసం ఎదురుచూస్తుంది. ఐఓ0 పక్కనే గ్రౌండ్ పిన్ను ఉంది కనుక చిన్న జంపర్ చాలు. రీసెట్ బటన్ చాలా బోర్డుల్లో అడుగువైపు ఉండి, బోర్డును బ్రెడ్‌బోర్డులో గుచ్చితే వేలికి అందదు. అందుకని మొదటి ప్రయత్నాలు బోర్డును బయటే పెట్టి చేయడం మంచిది.

తీగలు ఇలా ఉండాలి: అడాప్టర్ టీఎక్స్ బోర్డు యు0ఆర్‌కు, అడాప్టర్ ఆర్‌ఎక్స్ బోర్డు యు0టీకి. ఇప్పుడు అప్‌లోడ్ నొక్కకుండా, సీరియల్ మానిటర్‌ను 115200 వేగంతో తెరిచి, ఐఓ0ను గ్రౌండ్‌కు కలిపి రీసెట్ నొక్కండి. తెర మీద వచ్చేదాన్ని బట్టి లోపం ఎక్కడుందో తేలిపోతుంది. ‘వెయిటింగ్ ఫర్ డౌన్‌లోడ్’ అన్న వాక్యం కనిపిస్తే బోర్డుకు కరెంటు అందుతోంది, ఐఓ0 సరిగ్గా కలిసింది, బోర్డు నుంచి కంప్యూటర్‌కు వచ్చే తీగ బాగుంది. అయినా అప్‌లోడ్ విఫలమైతే మిగిలింది ఒక్కటే, అడాప్టర్ టీఎక్స్ నుంచి యు0ఆర్‌కు వెళ్ళే తీగ. ఆ వాక్యానికి బదులు ‘బూట్:0ఎక్స్13’ అని కనిపిస్తే చిప్పు మామూలుగా పాత ప్రోగ్రామ్‌తో మొదలవుతోంది, అంటే రీసెట్ సమయానికి ఐఓ0 గ్రౌండ్‌కు తగలడం లేదు. ‘బ్రౌన్‌అవుట్’ అన్న మాట పదేపదే వస్తే కరెంటు చాలడం లేదు. అసలేమీ రాకపోతే కరెంటో, యు0టీ తీగో చూడాలి; టీఎక్స్, ఆర్‌ఎక్స్ తారుమారైనా ఇలాగే ఉంటుంది. వాటిని మార్చి చూడడం వల్ల నష్టమేమీ లేదు.

అడాప్టర్ మీది బుల్లి లైట్లను కూడా గమనించండి. చుక్కలు పడుతున్నంతసేపూ టీఎక్స్ లైటు మిణుకుమంటూ ఆర్‌ఎక్స్ లైటు చీకటిగానే ఉంటే, కంప్యూటర్ పిలుస్తోంది గాని బోర్డు పలకడం లేదని అర్థం. నా అంచనా ప్రకారం మీ ఇబ్బంది ఐఓ0 దగ్గరగానీ, 3.3 వోల్టుల సరఫరా దగ్గరగానీ ఉంది. ప్రోగ్రామ్ ఎక్కిన తర్వాత ఐఓ0 జంపర్ తీసి మరోసారి రీసెట్ నొక్కడం మరవకండి. అది తీయకపోతే అప్‌లోడ్ విజయవంతమైనట్టు చూపినా బోర్డు మౌనంగానే ఉంటుంది.

మామూలు ఈఎస్‌పీ32 బోర్డుతో ఇదే ఇబ్బంది పడుతున్నవారు చుక్కలు పడేటప్పుడు బూట్ బటన్‌ను నొక్కి పట్టుకొని చూడవచ్చు. దానితో పని జరిగితే, ఈఎన్ (రీసెట్) పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 1 నుంచి 10 మైక్రోఫారడ్ల లోపు కెపాసిటర్ ఒకటి పెట్టడం వల్ల చాలాసార్లు ఆ బెడద శాశ్వతంగా పోతుంది.

ప్రశ్న: మా పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి వాడుతున్న యూఎస్‌బీ–సీరియల్ కేబుళ్ళు విండోస్ 7లో చక్కగా పనిచేసేవి. కొత్త కంప్యూటర్లు వచ్చాక వాటిలో కొన్నింటికి డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం కనబడుతోంది. పైకి చూస్తే అన్నీ ఒకే రకం. ఒక పోర్టు పేరు ఉండాల్సిన చోట 2012 నుంచి నిలిపివేశామని, అమ్మినవారిని సంప్రదించమని రాసి ఉంది. వీటిని పారేయడమేనా?
— ఒక అధ్యాపకులు, కరీంనగర్

జవాబు: పైకి ఒకేలా ఉన్నా లోపలి చిప్పులు వేరు. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే తయారీదారు సంఖ్య, పరికర సంఖ్య కనిపిస్తాయి. 067బీ, 2303 అయితే ప్రోలిఫిక్ వారి పీఎల్2303. 0403, 6001 అయితే ఎఫ్‌టీడీఐ వారి ఎఫ్‌టీ232. 10సీ4, ఈఏ60 అయితే సిలికాన్ ల్యాబ్స్ వారి సీపీ2102. 1ఏ86, 7523 అయితే సీహెచ్340. ఇది చూడకుండా అంతర్జాలంలో దొరికిన డ్రైవర్‌నల్లా వేసుకుంటూ పోతే కంప్యూటర్ గలీజవుతుంది తప్ప ఉపయోగం ఉండదు.

మీకు కనిపించిన సందేశం ప్రోలిఫిక్ డ్రైవర్‌ది. పీఎల్2303హెచ్‌ఎక్స్ఏ అనే పాత చిప్పుకు నకళ్ళు విపరీతంగా రావడంతో, కొత్త డ్రైవర్లలో ఆ రకానికి మద్దతు ఉండదు. పోర్టు పేరు ఉండాల్సిన చోట అవి ఆ హెచ్చరిక రాసి, పోర్టును పనిచేయనివ్వవు. కేబుల్ పాడవలేదనడానికి రుజువు కావాలంటే దాన్ని లినక్స్ ఉన్న కంప్యూటర్‌కు పెట్టి చూడండి, చాలావరకు పనిచేస్తుంది. విండోస్‌లో పాత డ్రైవర్‌ను చేత్తో ఎంచుకొని నడిపించేవారూ ఉన్నారు గాని, విండోస్ అప్‌డేట్ కొత్తదాన్ని మళ్ళీ తెచ్చిపెడుతుంది. ముప్పై మంది విద్యార్థులు కూర్చున్న ల్యాబ్‌లో ఆ పద్ధతిని నేను సూచించను.

నకళ్ళ విషయంలో ఎఫ్‌టీడీఐ మరింత కఠినంగా వ్యవహరించింది. 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన దాని డ్రైవర్, నకిలీ చిప్పుల పరికర సంఖ్యను సున్నాగా మార్చివేసింది. తమ చేతిలో ఉన్నది నకిలీదని తెలియనివారి పరికరాలు కూడా రాత్రికి రాత్రే మూగబోయాయి. పెద్ద దుమారం రేగడంతో ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. 2016లో వచ్చిన మరో డ్రైవర్ సంఖ్యను మార్చకుండా, ఇది అసలుది కాదన్న వాక్యాన్ని డేటాలో కలిపి పంపడం మొదలుపెట్టింది. సీరియల్ మానిటర్‌లో ‘నాన్ జెన్యూన్ డివైస్ ఫౌండ్’ అని కనబడితే మీ విద్యార్థుల ప్రోగ్రామ్‌ను తప్పుపట్టకండి.

కొత్తవి కొనేటప్పుడు, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్నా మరెక్కడ కొన్నా, సీపీ2102 లేదా సీహెచ్340 ఉన్నవి అడిగి తీసుకోండి. ఒకటి గుర్తుంచుకోవాలి: మీ పాత కేబుళ్ళలో తొమ్మిది పిన్నుల డీ ఆకారపు కనెక్టర్ ఉన్నవి ఆర్‌ఎస్‌232 రకం. వాటి సంకేతం రుణ వోల్టేజీలోకి కూడా వెళుతుంది. మధ్యలో మ్యాక్స్232 వంటి చిప్పు లేకుండా వాటిని నేరుగా మైక్రోకంట్రోలర్ పిన్నులకు తగిలిస్తే కంట్రోలర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఉబుంటు 22.04లో సీహెచ్340 ఉన్న ఆర్డుయినో నానో బోర్డు పెడితే పోర్టు క్షణంలో కనిపించి మాయమవుతోంది. అదే బోర్డు విండోస్‌లో పనిచేస్తోంది. కారణమేమిటి?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఇది బోర్డు లోపం కాదు. చూపు లేనివారు వాడే బ్రెయిలీ తెరల కోసం ఉబుంటులో బీఆర్ఎల్‌టీటీవై అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. సీహెచ్340 గుర్తింపు సంఖ్యనే వాడే బ్రెయిలీ పరికరం కూడా ఉండడంతో, అది మీ బోర్డును బ్రెయిలీ తెర అనుకొని పోర్టును తన అధీనంలోకి తీసుకుంటుంది. బోర్డు పెట్టిన వెంటనే టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg) ఆదేశం ఇచ్చి చూడండి: టీటీవైయూఎస్‌బీ0 (లినక్స్‌లో ఆ పోర్టు పేరు)కి కలిసిందన్న వరుస కింద ఈ సాఫ్ట్‌వేర్ పేరు, ఆ కింద తెగిపోయిందన్న వరుస ఉంటాయి. బ్రెయిలీ తెర వాడేవారు ఎవరూ ఆ కంప్యూటర్‌ను ఉపయోగించకపోతే ఆ ప్యాకేజీని తొలగించి, బోర్డును తీసి పెట్టండి. పోర్టు నిలబడిన తర్వాత ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే మీ యూజర్‌ను సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ లోపలికి రండి. లాగౌట్ కాకుండా ప్రయత్నించి, చేర్చినా పనిచేయలేదని అనుకునేవారే ఎక్కువ.

ప్రశ్న: బోరు మోటారును ఫోన్‌తో వేసి ఆపేందుకు మా అన్న కొడుకు ఆర్డుయినో యూనో, జీఎస్‌ఎం మాడ్యూల్ (సిమ్ వేసే భాగం) కలిపి ఒక పెట్టె చేసిచ్చాడు. నా ఫోన్ నంబరు మారింది. వాడు ఊళ్ళో లేడు. వాడు చెప్పినట్టే ప్రోగ్రామ్‌లో నంబరు మార్చి ఎక్కించబోతే ‘నాట్ ఇన్ సింక్’ అని వస్తోంది. ఏం చేయాలి?
— ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అన్నిటికంటే ముందు స్టార్టర్‌కు వచ్చే మెయిన్ ఆపేసి, పెట్టె నుంచి స్టార్టర్‌కు వెళ్ళే తీగలు విప్పండి. ఆ తర్వాతే ల్యాప్‌టాప్ కలపండి.

జీఎస్‌ఎం మాడ్యూల్ నుంచి వచ్చిన తీగలు యూనో మీద 0, 1 అంకెలున్న పిన్నులకు కలిపి ఉన్నాయేమో చూడండి. యూఎస్‌బీ నుంచి ప్రోగ్రామ్ వచ్చే దారి కూడా ఆ రెండు పిన్నులే. యూఎస్‌బీ చిప్పుకూ 0 పిన్నుకూ మధ్య వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, మాడ్యూల్ మాత్రం నేరుగా కలిసి ఉంటుంది. కాబట్టి ఆ తీగ మీద మాడ్యూల్ మాటే చెల్లి, కంప్యూటర్ పంపింది కంట్రోలర్‌కు చేరదు. 0 పిన్నులోని తీగ ఒక్కటి పీకి, నంబరు మార్చిన ప్రోగ్రామ్ ఎక్కించి, తీగను తిరిగి అదే చోట పెట్టండి. పీకే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. తీగ తీసినా అదే మాట వస్తే, టూల్స్‌లో బోర్డు పేరు ఆర్డుయినో యూనో అని, పోర్టు సరైనదని చూసుకోండి.

మీ అన్న కుమారుడు ఊరికి వచ్చినప్పుడు రెండు మార్పులు చేయమనండి. మాడ్యూల్‌ను 7, 8 పిన్నులకు మార్చి సాఫ్ట్‌వేర్ సీరియల్ వాడితే ప్రతిసారీ తీగ పీకే పని ఉండదు. రిలే 13వ పిన్నుకు ఉంటే దాన్ని తప్పకుండా వేరే పిన్నుకు మార్చాలి. యూనో రీసెట్ అయినప్పుడు బూట్‌లోడర్ (కొత్త ప్రోగ్రామ్‌ను లోపలికి తీసుకొనే చిన్న ప్రోగ్రామ్) ఆ పిన్ను మీది లైటును వరుసగా వెలిగించి ఆర్పుతుంది. సీరియల్ మానిటర్ తెరిచినా, కొన్నిసార్లు కరెంటు పోయి వచ్చినా అదే జరిగి, రిలే టకటకమని కొట్టుకుంటుంది. దానికి స్టార్టర్ తగిలించి ఉంటే కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి) కూడా దానితో పాటే కొట్టుకుంటుంది.