సాల్వెంట్‌ని మర్చిపోయావు

తమ్ముడికి,

కాంతితో జరిగే ఎలక్ట్రాన్ బదిలీ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది, ఎక్కడా తడబాటు లేదు. కానీ కాంతి పడగానే ఎలక్ట్రాన్ ఒక అణువు నుంచి ఇంకో అణువుకి దూకుతుందని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ రెండు అణువులూ ఏ ద్రవంలో ఉన్నాయో చెప్పనేలేదు. ఈ కథలో సగం పెత్తనం ఆ ద్రవానిదే, అంటే సాల్వెంట్‌దే.

పైరీన్, డైమిథైల్ అనిలీన్ అనే రెండు కర్బన సమ్మేళనాల జంటనే తీసుకో. హెక్సేన్ అనే సాల్వెంట్‌లో పైరీన్ కొద్దిగా కరిగించి అతినీలలోహిత కాంతి వేస్తే ఊదా కలిసిన నీలం వెలుగు వస్తుంది. డైమిథైల్ అనిలీన్ కలుపుతూ పోతే ఆ వెలుగు తగ్గి, ఇంకా పొడవైన తరంగదైర్ఘ్యాల దగ్గర వెడల్పాటి కొత్త వెలుగు పుడుతుంది. రెండు అణువులూ అంటుకుని ఎక్సిప్లెక్స్‌గా, అంటే కాంతి శక్తి ఉన్నంతసేపే నిలిచే జంటగా మారాయన్నమాట. ఇప్పుడు హెక్సేన్ బదులు అసిటోనైట్రైల్ అనే ఇంకో సాల్వెంట్ పొయ్యి. ఆ కొత్త వెలుగు దాదాపు మాయం! ఆవేశాల మధ్య లాగుడుని ద్రవం ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె, డైఎలక్ట్రిక్ స్థిరాంకం, హెక్సేన్‌కి 2 లోపే, అసిటోనైట్రైల్‌కి 37 దాకా ఉంటుంది. ఆవేశాలను చుట్టుముట్టి నిలబెట్టగలదు కాబట్టి ఎలక్ట్రాన్ పూర్తిగా చేతులు మారి, అయాన్లు విడిపోతాయి. రసాయనాలు అవే, లైటూ అదే. ముందు ఇది చూపించు, సిద్ధాంతం తర్వాత.

అన్నట్టు, కాంతిని మింగిన అణువే ఎలక్ట్రాన్ ఇస్తుందని రాశావు. ఇక్కడ మింగింది పైరీన్, ఎలక్ట్రాన్ పుచ్చుకున్నదీ పైరీనే. సరిచెయ్యి.

ఎలక్ట్రాన్ బదిలీకి సిద్ధాంతం కట్టిన రసాయనవేత్త మార్కస్ గురించి 1992 నోబెల్‌తో మొదలుపెట్టావు. అది తీసెయ్. ఆయన 1956లో అన్నది చెప్పు: ఎలక్ట్రాన్ దూకే వేగంతో బరువైన సాల్వెంట్ అణువులు సర్దుకోలేవు. అందుకే అవి ముందే కదిలి, ఎలక్ట్రాన్ దూకడానికి ముందూ వెనకా శక్తి సమానమయ్యే అమరికకి రావాలి. ఈ సిద్ధాంతంలోంచే ఒక వింత తేలింది. చర్యలో విడుదలయ్యే శక్తి ఒక హద్దు దాటితే వేగం పెరగదు, తగ్గుతుంది!

1970లో రేమ్, వెల్లర్ అనే రసాయనవేత్తలు అసిటోనైట్రైల్‌లో ఎన్నో జంటల్ని కొలిచారు. విడుదలయ్యే శక్తి పెరిగేకొద్దీ వేగం పెరిగి ఒకచోట ఆగింది, తగ్గలేదు. ముఖ్య కారణాల్లో ఒకటి మళ్ళీ సాల్వెంటే. అందులో తిరిగే అణువులు ముందు ఒకదాన్నొకటి కలవాలి, ఆ కలయిక కంటే వేగంగా ఏదీ కనబడదు. 1984లో మిల్లర్, కాల్కటెరా, క్లాస్ ఎలక్ట్రాన్ ఇచ్చేదాన్నీ పుచ్చుకునేదాన్నీ బిగుసైన స్టెరాయిడ్ చట్రానికి చెరో కొసనా కట్టేసి కొలిస్తే తగ్గుదల బయటపడింది. అక్కడ ఎలక్ట్రాన్‌ని అందించింది కాంతి కాదు, ఎలక్ట్రాన్లని వేగంగా తోసే యంత్రం, యాక్సిలరేటర్. అది దాచొద్దు. ఆ పద్నాలుగేళ్ళ చిక్కుని నువ్వు 'తర్వాత' అన్న ఒక్క మాటతో దాటేశావు. నాకైతే వ్యాసంలో చదవాలనిపించేది అదే.

సోలార్ సెల్స్, భవిష్యత్తు అంటూ రాసిన చివరి పేరా కొట్టేశాను. ఆ చోట, కొలిచే ముందు ద్రావణంలోకి నైట్రోజన్ బుడగలు ఎందుకు పంపుతారో రాయి. గాలి నుంచి కరిగిన ఆక్సిజన్ కూడా పైరీన్ వెలుగుని ఆర్పేస్తుంది, ఆ నింద కాస్తా డైమిథైల్ అనిలీన్ మీద పడుతుంది. రెండు వెలుగుల గ్రాఫు మాత్రం నువ్వే గీసి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య