బరంపురంలో ఎంఏ చేసి ఆర్థిక పరిశోధనలోకి వెళ్లవచ్చా?

ఒడిశాలోని బరంపురంలో ఎంఏ ఎకనామిక్స్ ముగిస్తున్నానని, ఢిల్లీ డిగ్రీ లేకుండా పరిశోధనలో నిలబడగలనా, వెంటనే పీహెచ్‌డీలో చేరాలా అని అడిగారు. నిలబడగలరు. పీహెచ్‌డీకి మాత్రం తొందరపడకండి. నాది పర్లాకిమిడి, నేనూ బరంపురంలోనే చదివాను, ఇప్పుడు ఒక పరిశోధన సంస్థలో పని చేస్తున్నాను.

ముందు సర్వే పని పట్టుకోండి. జీతం తక్కువ, ఎండ ఎక్కువ. అయితే ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చినవాళ్లకు సరిహద్దు జిల్లాల్లో గిరాకీ ఉంది. సవర గిరిజనుల భాష కూడా వస్తే సూపర్‌వైజర్ మిమ్మల్ని వదలడు. నాకు మొదటి ఉద్యోగం మార్కులు చూసి ఇవ్వలేదు. ఒడియాలో ఉన్న ప్రశ్నపత్రాన్ని తెలుగు ఇళ్లలో తడుముకోకుండా అడగగలనని ఇచ్చారు.

అక్కడ తెలిసేది తరగతిలో తెలియదు. "పని చేస్తున్నారా అమ్మా?" అంటే "ఏ పనీ లేదు బాబూ, ఇంట్లోనే ఉంటాను" అంటుంది ఒకావిడ. ఏడాదిలో కొన్ని నెలలు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లివస్తుందన్న సంగతి మరో నాలుగు ప్రశ్నలు వేస్తే గాని బయటపడదు. జాతీయ శ్రామికశక్తి సర్వే, అంటే పీఎల్‌ఎఫ్‌ఎస్, లెక్క ప్రకారం గడిచిన 365 రోజుల్లో కనీసం 30 రోజులు ఆర్థిక పని చేసినా అనుబంధ ఉపాధి ఉన్నట్లే. ఆవిడ శ్రామికురాలవుతుందా, గృహిణిగా మిగులుతుందా అన్నది అడిగేవాడి ఓపిక! స్త్రీల ఉపాధి పెరిగిందనో తగ్గిందనో పత్రికలో చదివితే నేను ముందు ప్రశ్నపత్రం తీసి చూస్తాను.

సాయంత్రాలు డేటా ముందు కూర్చోండి. 2017లో మొదలైన పీఎల్‌ఎఫ్‌ఎస్ యూనిట్ స్థాయి డేటాను, అంటే ఒక్కో ఇల్లు, ఒక్కో మనిషి ఇచ్చిన జవాబులను, కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ ఉచితంగా ఇస్తుంది. లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్లలో స్టాటా కొనుక్కోవాలి, ఆర్ ఉచితం. ఒడిశా గ్రామీణ స్త్రీల ఉపాధి రేటు మీరే లెక్కకట్టి, అచ్చయిన నివేదికతో సరిచూడండి. కలవలేదంటే చాలావరకు వెయిట్లు, అంటే సర్వేలోని ఒక్కొక్కరు జనాభాలో ఎంతమందికి లెక్కో చెప్పే అంకెలు, వేయడం మరిచినట్లే. కలిశాక ఒక చిన్న ప్రశ్న మీద పది పేజీలు రాసి, కోడ్‌తో సహా జతచేసి రీసెర్చ్ అసిస్టెంట్ పోస్టులకు పంపండి. హైదరాబాద్‌లో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్), భువనేశ్వర్‌లో నవకృష్ణ చౌధురి అభివృద్ధి అధ్యయన కేంద్రం, పేదరికం మీద పరిశోధించే జె-పాల్ దక్షిణాసియా విభాగం, ఇలాంటి చోట్ల ప్రకటనలు గమనిస్తూ ఉండండి.

పీహెచ్‌డీ ఆ తరువాత. తిరువనంతపురం సీడీఎస్ (సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్), రిజర్వు బ్యాంకు స్థాపించిన ముంబయి ఐజీఐడీఆర్ (ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ) మంచివి. మామూలు విశ్వవిద్యాలయంలో అయితే జేఆర్‌ఎఫ్, అంటే నెట్ పరీక్షతో వచ్చే పరిశోధన భృతి, తెచ్చుకునే చేరండి. 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. అది లేకపోతే భారమంతా ఇంటి మీదే పడుతుంది. ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకు జనరల్ అభ్యర్థి వయసు 30 దాటకూడదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేయకండి, కానీ సాధారణ సివిల్స్ పద్ధతిలో చదివితే కుదరదు. గణితం, ఎకనామెట్రిక్స్ గట్టిగానే అడుగుతారు.

మరొకటి. సర్వే ముగిసిన వారంలోనే అనుభవ ధ్రువపత్రం రాయించుకోండి. ఆరు నెలలు ఆగితే ఆ ప్రాజెక్టూ ఉండదు, సంతకం పెట్టేవాళ్లూ ఉండరు.