ఆ సీసపు రాయిని కడగొద్దురా

ఒరే చిన్నా,

వాట్సాప్‌లో నువ్వు పంపిన ఫోటో చూశాను. భలే ముక్క దొరికిందిరా! పాచికల్లాంటి ఘనాలు ఒకదాన్లోంచి ఒకటి పొడుచుకొచ్చినట్టు, ముఖాలు అద్దాల్లా. మిస్సోరీలోని జోప్లిన్‌ది అని అమ్మినవాడు చెప్పాడన్నావు, అక్కడి గెలీనా (సీసం తీసే ఖనిజం) ఇలాగే ఉంటుంది. ఆ రాష్ట్రానికి 1967 నుంచీ ఇదే అధికారిక ఖనిజం, అక్కడ కాపురముండి ఒక్క ముక్కైనా ఇంట్లో లేకపోతే ఎలా. కానీ కింద "కాస్త మసకగా ఉంది మామయ్యా, బ్రష్ పెట్టి రుద్దేస్తా" అని రాశావు చూడు, అది చదివి వెంటనే ఫోన్ చేద్దామనుకున్నా, మీకు అర్ధరాత్రి కదా అని ఇలా రాస్తున్నా.

రుద్దకు. అది దాదాపు మన గోరంత మెత్తన, బ్రష్‌లో ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు చాలు గీతలు పడటానికి. దుమ్ముంటే కెమెరాకి వాడే రబ్బరు బుడ్డితో గాలి కొట్టు, అంతే. నోటితో ఊదకు. యాసిడ్ జోలికి అసలే పోవద్దు. నేను అగ్నిగుండాలలో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, అక్కడి బండలమొట్టు సీసపు గని నుంచి తెచ్చిన గెలీనా ముక్క ఒకదానికి తెల్లరాయి అంటుకుని ఉంటే అది కరుగుతుంది కదా అని బాత్రూమ్ కడిగే యాసిడ్‌లో ముంచాను. కుళ్ళిన కోడిగుడ్డు కంపు గుప్పుమంది, ఆ గాలి విషం కూడాను, తలుపులు తీసి బయటికి పరిగెత్తాను. తర్వాత చూస్తే మెరిసే ముఖాలన్నీ బూడిద రాసినట్టయ్యాయి. మళ్ళీ మెరుపు రాలేదు.

కింద పడేసుకోకు. సుత్తితో కొట్టినా, చేయిజారినా గెలీనా చిన్న చిన్న పెట్టెల్లా పగులుతుంది, అతికించినా కనబడుతుంది. క్వార్ట్జ్ ముక్కలున్న డబ్బాలో దీన్ని వేయకు, అవి గట్టి రాళ్ళు, దీన్ని గీరేస్తాయి.

అసలు సంగతి, ఇందులో ఎక్కువ భాగం సీసమే, నూటికి 86 పాళ్ళు. పాపకి ఇంకా మూడేళ్ళు నిండలేదు, చేతికందింది నోట్లో పెట్టుకునే వయసు. అందుకని పై అరలో, తలుపున్న గాజు బీరువాలో పెట్టు. పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కో, డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఫోటోలు తీయకు. రాలిన పొడిని తడి కాగితంతో తుడిచి పారెయ్, చీపురు పట్టుకోకు.

నిజమైనదేనా అని అడిగావు. వంటింటి కాటా మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చెయ్, రాయిని దారంతో కట్టి అడుగుకి తగలకుండా పూర్తిగా ముంచు. ముందు విడిగా తూచిన బరువుని ఇప్పుడు కాటా చూపించే అంకెతో భాగించు. ఉదాహరణకి 300 గ్రాముల రాయికి 40 చూపిస్తే ఏడున్నర, అంటే నీటికంటే అన్ని రెట్లు బరువు, గెలీనా లెక్క అదే. వేరే రాయి అంటుకుని ఉంటే కాస్త తగ్గుతుంది. బాగా తగ్గితే మాత్రం అనుమానించు, ఘనాల మొదళ్ళలో జిగురు మెరుస్తుందేమో భూతద్దంతో చూడు. గిన్నె మాత్రం వంటకి వాడేది కాదు సుమా, మీ ఆవిడ ఊరుకోదు! (జగదీశ్ చంద్ర బోస్ రేడియో తరంగాలు పట్టడానికి వాడింది కూడా ఈ గెలీనానే, 1904లో అమెరికాలో పేటెంట్ వచ్చింది, నీకు ఎప్పుడో చెప్పాననుకుంటా.)

గని పేరు, ఊరు, కొన్న తేదీ చిన్న చీటీ మీద రాసి ఈరోజే దాని కింద పెట్టు. నా దగ్గర అలా చీటీ లేనివి రెండున్నాయి, ఎక్కడివో ఎంత గుర్తు తెచ్చుకున్నా తట్టడం లేదు.

బరువు ఎంతొచ్చిందో అంకె పంపు, లెక్క నేనూ చూస్తా.

మీ మామయ్య