మక్క చేను గురించి చదివేదేముంది అంటున్న నాయనకు

కల్వకుర్తి దగ్గర నుంచి రాసిన అన్నా, మీ బాధ అర్థమైంది. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో ఉన్న మీ అమ్మాయి క్రాప్ ఫిజియాలజీలో ఎమ్మెస్సీ చేస్తానంటోంది, మీరేమో బ్యాంకు పరీక్ష రాయమంటున్నారు. పైగా "మా తాత కాలం నుంచి మక్క పెడుతున్నాం, మొక్క ఎట్ల పెరుగుతదో చదవడానికి రెండేళ్లా?" అని అడిగారు.

మరి మీరే రాశారు కదా, పోయిన వానకాలం చేను నిలువెత్తు పెరిగినా కంకులు కొసకు బోడిగా వచ్చాయని, విత్తనం కల్తీదని డీలరుతో గొడవపడ్డారని. చేను చూడకుండా విత్తనం మంచిదేనని నేను చెప్పను. కానీ జల్లు, అంటే మొక్క నెత్తిన వచ్చే మగ పూత, వేసే టైంలో రెండు వారాలు చినుకు లేదన్నారు చూడండి, అమ్మాయి చదవాలనుకునేది సరిగ్గా దాని గురించే. కంకిలో ఒక్కో గింజకు ఒక్కో పీచు, అంటే కంకి కొస నుంచి బయటికొచ్చే సన్నని దారం, ఉంటుంది, జల్లు నుంచి రాలిన పుప్పొడి దాని మీద పడితేనే ఆ గింజ కడుతుంది. బెట్ట పడితే జల్లు దాదాపు తన టైంకే వస్తుంది గానీ పీచు వెనకబడుతుంది, అది బయటికొచ్చేసరికి పుప్పొడి అయిపోతుంది. కొస గింజల పీచు అన్నిటికన్నా చివర వస్తుంది కాబట్టి ముందు బోడయ్యేది కొసే. మోకాలెత్తు మక్క కొన్నాళ్లు వాడినా కోలుకుంటుంది, పీచు దశలో ఎండితే తర్వాత ఎంత వాన పడ్డా పోయిన గింజ రాదు. మన చెల్కల్లో, అంటే ఎర్ర ఇసుక నేలల్లో, తేమ ఆగదు, ఈ దెబ్బ ఇంకా తొందరగా తగులుతుంది.

ఇక ఉద్యోగాలు. ఎండను, బెట్టను తట్టుకునే రకాల కోసం పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణలో సిమ్మిట్ (అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ) వాళ్లు పనిచేస్తున్నారు, రాజేంద్రనగర్‌లో మొక్కజొన్న పరిశోధన కేంద్రం ఉంది, హైదరాబాద్ చుట్టూ విత్తన కంపెనీలున్నాయి. అయితే ప్రభుత్వ పోస్టులు తక్కువ, యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే పీహెచ్‌డీ దాకా పోవాల్సి రావచ్చు, ఆ ఓపిక ఉందో లేదో అమ్మాయినే అడగండి. బ్యాంకు ఎక్కడికీ పోదు, అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకు బీఎస్సీ చాలు, వయసు 30 దాకా రాయొచ్చు. 22 ఏళ్ల పిల్లకు రెండేళ్ల గురించి అంత టెన్షన్ ఎందుకు?

ఇంట్లో ఆ బోడి కంకులు మిగిలి ఉంటే ఒకటి ఆమె చేతిలో పెట్టండి. కొసన ముడుచుకుపోయిన పిల్ల గింజలున్నాయా, అసలు గింజే పట్టలేదా చూడమనండి. ముడుచుకున్నవి ఉంటే పుప్పొడి అందింది, తర్వాత తిండి చాలక చచ్చాయి. డీలరు దగ్గరికి మళ్లీ పోయేది ఆ తర్వాత చూద్దురు.