సీఆర్‌గా (క్లాసు ప్రతినిధిగా) నేర్చుకున్నది రాజకీయాల్లో, సేవా సంస్థల్లో పనికొస్తుందా?

"మా సెక్షన్‌కి నన్ను సీఆర్‌ని చేశారు. ముందు ముందు రాజకీయాల్లోకో, ఏదైనా సేవా సంస్థలోకో వెళ్ళాలనుంది. ఇక్కడ నేర్చుకున్నది అక్కడ పనికొస్తుందా?" అని మీరు అడిగారు. నేను బీటెక్ మూడో ఏడు. మొదటి ఏడాది సీఆర్‌గా చేశాను. సగం ఏడాది గౌరవంగా, మిగతా సగం పేరుకి. ముందు ఆ సంగతే చెబుతాను.

నన్నెవరూ ఎన్నుకోలేదు. ర్యాంకు బాగుందని మేడమ్ లేపి "నువ్వే" అన్నారు, అంతే. అటెండెన్స్ షీటు మోయడం, రికార్డులు కట్టకట్టి స్టాఫ్ రూముకి చేర్చడం, జిరాక్సు డబ్బులు వసూలు చేయడం. రెండో మిడ్ పరీక్షల ముందు ఒక సబ్జెక్టులో సిలబస్ సగం కూడా కాలేదని మాస్ బంక్, అంటే అందరం కలిసి క్లాసు ఎగ్గొడదామని అనుకున్నాం. వాట్సాప్ గ్రూపులో అందరూ బొటనవేలు ఎత్తారు. మర్నాడు చూస్తే పన్నెండు మంది చక్కగా ముందు బెంచీల్లో కూర్చున్నారట. సాయంత్రం హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) నన్ను పిలిచి "మొదలుపెట్టింది ఎవరు?" అన్నారు. రెండుసార్లు తెలియదన్నాను. "సరే, మీ నాన్నగారి నంబరు చెప్పు" అనేసరికి ఇద్దరి పేర్లు చెప్పేశాను. గ్రూపులో ఆ మెసేజి పెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. నా పేరు మాత్రం చెప్పలేదు.

తర్వాత ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. రికార్డులు అడిగితే ఇచ్చేవాళ్ళు, నేను దగ్గరికెళ్తే మాటలు ఆగిపోయేవి. నన్ను తీసేయడం వాళ్ళ చేతుల్లో లేదు. మానేస్తానంటే మేడమ్ ఒప్పుకోలేదు. సెమిస్టర్ అయ్యేదాకా అదే గదిలో ఒకళ్ళనొకళ్ళం భరించాం. క్లాసులో నాయకత్వానికి ఉన్న చిక్కు ఇదేననుకుంటాను. పదవి ఇచ్చేది పైవాళ్ళు, బతకాల్సింది పక్కవాళ్ళతో, ఎవరూ లేచి వెళ్ళిపోవడానికి లేదు. వెళ్ళిపోలేని వాళ్ళు మన మాట వింటున్నారంటే అది నాయకత్వమో, అటెండెన్స్ భయమో చెప్పడం కష్టం.

రాజకీయాన్ని దగ్గరగా చూసింది ఒకేసారి, 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో. నేనప్పుడు పదో తరగతి. మా బాబాయి వార్డు మెంబరుగా నిలబడ్డాడు. పంచాయతీకి పార్టీ గుర్తులుండవు, ఎవరు ఏ పార్టీయో మాత్రం ఊళ్ళో పసిపిల్లాడు కూడా చెబుతాడు. ఇంటింటికీ స్లిప్పులు పంచింది నేనే. ప్రతి ఇంట్లోనూ మజ్జిగిచ్చి "మా ఓటు మీకే" అన్నారు. పోలింగ్ అయిన సాయంత్రమే లెక్కపెట్టారు, తొమ్మిది ఓట్లతో పోయింది. ఇచ్చిన మజ్జిగ గ్లాసులు లెక్కేసుకున్నా గెలవాల్సిందే అని పిన్ని ఇప్పటికీ నవ్విస్తుంది.

గెలిచినాయన మాటకారి కాదు. ఎవరింట్లో చావు జరిగినా తెల్లవారేలోపు అరుగు మీద కనబడతాడు, ఆస్పత్రికి పోవాలంటే అర్ధరాత్రి ఆటో మాట్లాడతాడు. అలా పదేళ్ళు చేశాడు. మా ప్రచారం పది రోజులది. అయితే నాకు గుర్తుండిపోయింది తర్వాత రోజు. మాకు ఓటెయ్యలేదని ఖాయంగా తెలిసిన ఒక ముసలాయన పింఛను అర్జీ రాసిపెట్టమని వచ్చాడు. బాబాయి మొహం మాడ్చుకునే రాశాడు గానీ, రాశాడు. క్లాసులో నాకు పడని వాళ్ళ రికార్డు నేను కట్టకి అడుగున పెట్టేవాణ్ణి.

మా సర్పంచి పదవి మహిళలకు రిజర్వు అయింది. మొదట్లో ఆమెది సంతకం, వాళ్ళాయనది పెత్తనం. ఇలాంటివి మీకూ తెలిసే ఉంటాయి కాబట్టి సాగదీయను.

క్యాంపస్‌లో ఓటుతో నాయకత్వం నేర్చుకునే వీలు మనకి దాదాపు లేదు. మా నెల్లూరు జిల్లావాడే వెంకయ్య నాయుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం అధ్యక్షుడిగా మొదలై ఉపరాష్ట్రపతి దాకా వెళ్ళారు. ఇప్పుడు మా కాలేజీలో ఆ నిచ్చెనకి మొదటి మెట్టే లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఎన్నికలు జరుగుతాయి. విద్యార్థి ఎన్నికలకి నియమాలు సూచించిన లింగ్డో కమిటీ ఒక్కో అభ్యర్థి ఖర్చుకి 5,000 రూపాయల పరిమితి పెట్టింది. మీ సెక్షన్‌లో సీఆర్‌కి చీటీలతో ఓటింగ్ పెట్టించగలరేమో అడిగి చూడండి. ఓడిపోయినా ఫరవాలేదు.

ఇక సేవ. రెండో ఏడు ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకం) చేరాను. నిజం చెప్పాలంటే సర్టిఫికెట్ కోసం, రెండేళ్ళలో 240 గంటలు పూర్తి చేస్తే ఇస్తారు. మా యూనిట్‌కి తెలిసిన ఒక చిన్న సంస్థ కాలేజీ వెనక కాలనీలో ఆదివారాలు పిల్లలకి చదువు చెబుతుంది. మొదటి ఆదివారం ఇరవై నాలుగు మందిమి వెళ్ళాం, ఫొటోలు దిగాం. మూడో వారానికి ఆరుగురు. వాన పడ్డ రోజు ఇద్దరం.

దాన్ని నడిపే అక్క ఎవర్నీ ఏమీ అనదు. అనడానికి ఏముంది, జీతమా, మార్కులా? శనివారం రాత్రి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "రేపు వస్తున్నావా, లెక్కలు చెప్పేవాళ్ళు లేరు" అంటుంది. మాకంటే ముందొచ్చి గది ఊడుస్తుంది. సాయంత్రం గ్రూపులో ఆ రోజు ఖర్చుల లెక్క పెడుతుంది, చాక్‌పీసులకు పన్నెండు రూపాయలతో సహా. నేను సీఆర్‌గా జిరాక్సు డబ్బులు వసూలు చేసినన్నాళ్ళూ ఒక్కసారి కూడా లెక్క చూపించలేదు. తినలేదు, కానీ చూపించనూ లేదు.

ఐదో తరగతి పిల్లాడొకడు రావడం మానేశాడు. మెకానిక్ షెడ్డులో పెట్టారట. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం, పోయి కేసు పెడదామని నేను ఎగిరాను. అక్క ఆపింది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వాళ్ళు రంగారెడ్డి జిల్లాలో ఎలా చేశారో చెప్పింది. బడికి పోని ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే అని లెక్కేసి, తల్లిదండ్రుల్నీ, పనిలో పెట్టుకున్నవాళ్ళనీ కూర్చోబెట్టి ఒప్పించారట. ఆ పనికే శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అక్క నాలుగుసార్లు షెడ్డుకి వెళ్ళింది, రెండుసార్లు నేనూ వెళ్ళాను. పిల్లాడు బడికి వస్తున్నాడు. సాయంత్రాలు ఇప్పటికీ షెడ్డులోనే ఉంటున్నాడని తెలుసు. దాని మీద ఇంకా పోతూనే ఉన్నాం.

క్లాసు, రాజకీయం, సేవ, ఈ మూడూ ఒకేచోట కలిసింది మా జిల్లాలోనే. 1990ల మొదట్లో ఆడవాళ్ళు రాత్రిపూట అక్షరాస్యతా కేంద్రాల్లో పలకలు పట్టారు. మా అమ్మమ్మ సంతకం పెట్టడం అక్కడే నేర్చుకుంది. చదువుతోపాటు ఇంటి గోడు మాట్లాడుకోవడం మొదలైంది, ఆ గోడు సారా దగ్గర ఆగింది. దూబగుంటలో రోశమ్మ తోటి ఆడవాళ్ళతో కలిసి సారా అంగడి మూయించింది. ఆమె సర్పంచి కాదు, ఏ సంఘానికీ కార్యదర్శి కాదు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. 1995లో ఎన్టీఆర్ పూర్తి మద్యనిషేధం తెచ్చారు, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. తరగతి గదిలో మొదలైనదాన్ని స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు మోశారు. జీవో మీద సంతకం పెట్టడానికీ, దాన్ని కొట్టేయడానికీ మాత్రం అధికారం కావాల్సి వచ్చింది. అందుకే రాజకీయం మురికి, సేవే మేలు అనేవాళ్ళతో నేను ఏకీభవించను.

మీ ప్రశ్నకి నా జవాబు: పనికొస్తుంది. అయితే మీ సెక్షన్ వాళ్ళు రేపట్నించి మీ మాట వినక్కర్లేదు అనుకుంటే, ఎంతమంది వింటారో ఇప్పుడే ఊహించి చూసుకోండి. నా విషయంలో ఆ సంఖ్య సున్నా.

ఆ రోజు నేను పేర్లు చెప్పిన ఇద్దరిలో ఒకడు ఈమధ్య ఆదివారాలు కాలనీకి వస్తున్నాడు, లెక్కలు చెబుతున్నాడు. శనివారం రాత్రి వాడికి ఫోన్ చేసేది నేనే. ఆ సంగతి మా మధ్య ఇంకా రాలేదు.