సైక్లింగే కెరీర్ అంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా బాబు ఇంటర్ బైపీసీ రెండో ఏడాది, వయసు 17. రెండేళ్లుగా రోడ్ సైక్లింగ్ ప్రాక్టీసు చేస్తున్నాడు, ప్రొఫెషనల్ రైడర్ అవుతానంటాడు. ఈమధ్యే తాను అమ్మాయినని చెప్పాడు. ట్రాన్స్ మహిళ అయిన బ్రిటిష్ మాజీ సైక్లిస్టు ఫిలిప్పా యార్క్ గురించి చదివి ‘ఆమెకు కుదిరింది, నాకెందుకు కుదరదు’ అంటున్నాడు. ఏం చెప్పాలో తోచడం లేదు. – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మాయినని తనే చెబుతోంది కాబట్టి నేనూ అలాగే రాస్తాను. యార్క్ కెరీర్‌లోంచి మీ అమ్మాయి తీసుకున్న అర్థం మాత్రం సగమే నిజం.

1958లో గ్లాస్గోలో పుట్టిన యార్క్, రేసుల్లో ఉన్నన్నాళ్లూ రాబర్ట్ మిల్లర్ పేరుతో పురుషుల విభాగంలోనే పోటీపడ్డారు. 1979లో ఫ్రాన్స్ వెళ్లి అమెచ్యూర్ క్లబ్బులో చేరి, మరుసటి ఏడాదే ప్యూజో జట్టులో ప్రొఫెషనల్ అయ్యారు. 1984 టూర్ డి ఫ్రాన్స్‌లో కొండల విభాగం గెలిచి ఎర్ర చుక్కల జెర్సీ అందుకున్నారు, మొత్తం మీద నాలుగో స్థానం. ఫిలిప్పాగా లోకానికి తెలిసింది 2017లో, రిటైరైన 22 ఏళ్లకు. మహిళల విభాగంలో ఆమె ప్రొఫెషనల్‌గా రేసు చేయనే లేదు.

ఇప్పటి రూలు చూద్దాం. మగ యుక్తవయసు మార్పులు వచ్చాక ట్రాన్స్ మహిళగా మారినవారిని మహిళల అంతర్జాతీయ రేసుల్లోకి అనుమతించకూడదని సైక్లింగ్ ప్రపంచ సమాఖ్య యూసీఐ 2023 జులై 17 నుంచి నియమం పెట్టింది. పురుషుల విభాగం పేరును ‘మెన్/ఓపెన్’ అని మార్చి, అందులో చోటిచ్చింది. ఇది న్యాయమా కాదా అన్న వాదన వేరు. ఎంట్రీ ఫారం నింపేటప్పుడు కాదు, ఇప్పుడే తనకు చెప్పండి.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. హార్మోన్ చికిత్స మొదలైతే స్పైరోనోలాక్టోన్ రాసే అవకాశం ఉంది. అది డైయూరెటిక్, అంటే మూత్రం ఎక్కువగా పోయించే మందు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ నిషేధిత జాబితాలో ఉంది. ఈస్ట్రోజెన్ మాత్రం ఆ జాబితాలో లేదు. డాక్టర్ చీటీ ఉంటే చాలనుకోవడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. డోప్ టెస్టులో చీటీ చెల్లదు. డాక్టర్ నింపిన ఫారం, పాత రిపోర్టులు జతచేసి జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ‘నాడా’ నుంచి వైద్య మినహాయింపు, అంటే టీయూఈ, తెచ్చుకోవాలి. అదీ మందు మొదలుపెట్టకముందే. ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లిన మొదటిరోజే ‘రేసులు ఆడుతుంది’ అని చెప్పండి.

ఇక ప్రతిభ. ఇంట్లోనే ఒక లెక్క తీయొచ్చు: తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పవర్ మీటర్‌తో 20 నిమిషాలు పూర్తి శక్తితో తొక్కించి, వచ్చిన సగటు వాట్లను 0.95తో గుణించి, శరీర బరువుతో భాగించండి. టూర్ స్థాయి కొండవీరులు పొడవాటి ఎక్కుళ్లలో కిలోకు 6 వాట్ల దాపుల్లో ఉంటారు. మొదటి మూడు నిమిషాల్లో ఉత్సాహపడి దూకితే చివర్లో కాళ్లు చచ్చుబడి అంకె తప్పు వస్తుంది. ఒక్క టెస్టుతో తేల్చకుండా ఏడాదిలో ఎంత పెరిగిందో చూడండి.

అయినా వాట్లతోనే పని జరగదు. స్పెయిన్‌లో జరిగే వ్యూల్టా రేసులో, 1985లో, ఇంకా రెండు రోజులుందనగా యార్క్ లీడర్. రెండో స్థానంలో ఉన్న పాచో రోడ్రిగెజ్ 10 సెకన్లే వెనక, అందుకే కళ్లన్నీ అతని మీదే. ఆరు నిమిషాలకు పైగా వెనకబడి ఉన్న పెడ్రో డెల్గాడో ఆరోజు ముందుకెళ్లిపోయిన కబురు సమయానికి అందలేదు. అందేసరికి గాలికి అడ్డం నిలిచి లాగడానికి పక్కన జట్టువాళ్లు లేరు. 36 సెకన్ల తేడాతో టైటిల్ పోయింది. రోడ్ రేసులో జట్టు లేని కాళ్ల విలువ అంతే.

జట్టుకు మాత్రం భరోసా ఏముంది? 1995లో యార్క్ బ్రిటిష్ ఛాంపియన్ అయిన కొద్దిరోజులకే, టూర్ ముంగిట్లో, జట్టు మూతపడింది. 36 ఏళ్లకు రేసులు ఆగిపోయాయి. తర్వాత బ్రిటన్ జట్టుకు కోచింగ్, పత్రికల్లో రాతలు, 2017 నుంచి టీవీ వ్యాఖ్యానం. ఫ్రాన్స్‌లో నేర్చిన రేసు చదివే విద్యే ఇన్నాళ్లూ అక్కరకొచ్చింది.

కాబట్టి చదువు ఆపొద్దు. బైపీసీ ఉంది కనుక ఫిజియోథెరపీ డిగ్రీ చక్కగా అతుకుతుంది. డిగ్రీ అయ్యాక పటియాలా ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమాకు ప్రయత్నించవచ్చు. సెలవుల్లో మంచి సైకిల్ వర్క్‌షాపులో పని నేర్పించండి. కార్బన్ ఫోర్కు మీద స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే భాగం) బోల్టులు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లకు బిగిస్తారు, స్టెమ్ మీద రాసే ఉంటుంది. బిగింపును కొలిచే టార్క్ రెంచ్ లేకుండా చేతి అంచనాతో బిగిస్తే కార్బన్ చిట్లుతుంది, దిగుడులో అది ప్రాణం మీదకు తెస్తుంది. ఇంత కచ్చితంగా పని వచ్చినవాళ్లను జట్లు వెతుక్కుంటాయి.

పబ్లిక్ పరీక్షలయ్యేదాకా ప్రాక్టీసు వారానికి ఎనిమిది గంటలు చాలు. మార్కులు తగ్గాయని సైకిల్‌ను గదిలో పెట్టి తాళం వేయకండి. ఇప్పుడు తనకు ఊపిరాడే చోటు అదొక్కటే కావచ్చు.