బీటెక్ స్కాలర్‌షిప్: మొదటి ఏడాదిలోనే అడగాలి

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటాలో సీఎస్ఈ సీటు వచ్చింది. నాన్న గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఏడాదికి మూడు లక్షలు దాటుతుంది కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని సచివాలయంలో చెప్పారు. కంప్యూటర్ సైన్స్ చదివే అమ్మాయిలకు వేరే స్కాలర్‌షిప్‌లు ఉన్నాయా? ఇప్పుడే చేరాను, క్లాసులు కుదురుకున్నాక నిదానంగా అప్లై చేయొచ్చా?

జవాబు: నిదానంగా వద్దమ్మా, ముందు ఆ చివరి మాటకే జవాబు. పెద్ద మొత్తం ఇచ్చే స్కాలర్‌షిప్‌లు చాలావరకు మొదటి ఏడాది వాళ్ల దగ్గరే కొత్త దరఖాస్తులు తీసుకుంటాయి, రెండో ఏడాదిలోకి వచ్చాక ఎన్ని మార్కులు తెచ్చుకున్నా అడిగే అర్హత ఉండదు. మన వైపు పిల్లలు చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు, అదే నా బాధ.

సచివాలయంలో చెప్పింది నిజమే, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కుటుంబ ఆదాయం 2.5 లక్షలు దాటకూడదు. కానీ అక్కడితో అన్ని దారులూ మూసుకుపోలేదు. దేశంలో ఇంజినీరింగ్ కాలేజీలకు గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ, వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ అమ్మాయిల కోసమే పెట్టింది, ఆదాయం 8 లక్షల వరకు ఉండొచ్చు, ఏడాదికి 50,000 రూపాయల చొప్పున బీటెక్ నాలుగేళ్లూ ఇస్తారు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు తీసుకోవచ్చు, నీకు చెల్లెలుంటే గుర్తుపెట్టుకో. బ్రాంచ్ సీఎస్ఈనా సివిలా అని చూడరు, కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉందా లేదా అన్నదే లెక్క. అందుకే సీఎస్ఈ స్కాలర్‌షిప్ అని వెతికితే దొరకదు, ఇంజినీరింగ్ అని వెతకాలి.

దీనికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. అదే పోర్టల్‌లో సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. ఇంటర్‌లో 80 పర్సంటైల్ పైన, అంటే బోర్డులో పై 20 శాతం మందిలో ఉండి, ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవాళ్లకు మొదటి మూడేళ్లు 12,000, నాలుగో ఏడాది 20,000 ఇస్తారు. అయితే ఈ రెండూ కలిపి తీసుకోకూడదు. నాకైతే నువ్వు ప్రగతికే ముందు ప్రయత్నించడం మంచిదనిపిస్తుంది.

ప్రైవేటు వాటిలో రిలయన్స్ ఫౌండేషన్‌ది ఒకటుంది. మొదటి ఏడాది డిగ్రీ వాళ్లకు, అందులో బీటెక్ కూడా వస్తుంది, ఇంటర్‌లో 60 శాతం ఉండాలి, ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్ పెడతారు, కోర్సు మొత్తానికి కలిపి 2 లక్షల దాకా వస్తుంది. ఆదాయం 15 లక్షల లోపు అంటారు గానీ 2.5 లక్షల లోపు వాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది. అయినా రాయి, రాస్తే పోయేదేమీ లేదు.

ఇక అసలు తలనొప్పి కాగితాల దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివర్లోకి పోతుంది. మూడు చోట్లా ఒకేలా లేకపోతే ఎక్కడో ఒక దగ్గర ఆగుతుంది, కాబట్టి ఈ వారమే మూడూ పక్కపక్కన పెట్టి చూసుకో, తేడా ఉంటే టెన్త్ మెమో పట్టుకుని ఆధార్ సెంటర్‌కి వెళ్లు. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో ఇప్పుడే అప్లికేషన్ పెట్టు, చివరి తేదీ దగ్గరపడ్డాక అందరూ అక్కడే ఉంటారు. బ్యాంకులో "నా అకౌంట్‌కి ఆధార్ లింక్ అయిందా" అని అడిగి ఊరుకోవద్దు, ప్రభుత్వ డబ్బు ఆధార్ నంబరు మీద ఏ అకౌంట్‌లో పడాలో ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర నమోదై ఉంటుంది, దాన్నే సీడింగ్ అంటారు, అక్కడ ఈ అకౌంటే సీడ్ అయి ఉందా అని అడుగు. రెండు బ్యాంకుల్లో ఖాతాలుంటే చివరిగా సీడ్ చేసినదాంట్లోకే డబ్బు పోతుంది, ఇంట్లోవాళ్లేమో పాత పాస్‌బుక్ పట్టుకుని టెన్షన్ పడుతుంటారు.

ఇంకొకటి. సబ్మిట్ నొక్కగానే పని అయిపోయిందనుకోవద్దు. కాలేజీలో స్కాలర్‌షిప్‌లు చూసే నోడల్ ఆఫీసర్ వెరిఫై చేస్తేనే దరఖాస్తు పైకి వెళ్తుంది, ఆ గడువు దాటితే తప్పు ఎవరిదైనా నష్టం నీదే. ప్రింట్ తీసి ఆఫీసులో ఇచ్చి, స్టేటస్ మారిందా లేదా చూస్తూ ఉండు. డిఫెక్ట్ అని వెనక్కి వస్తే భయపడకు, వాళ్లు అడిగింది సరిచేసి గడువులోపు మళ్లీ పంపు. డబ్బు ఒకసారి వచ్చాక కూడా ఏటా రెన్యువల్ చేయాలి, పై ఏడాదికి ప్రమోట్ కాకపోతే ప్రగతి ఆగిపోతుంది.

ప్రశ్న: కోవూరు నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి బీటెక్ రెండో ఏడాది. 3,000 కడితే 2 లక్షల స్కాలర్‌షిప్ గ్యారంటీ అని ఒకతను ఫోన్ చేస్తున్నాడు. కట్టమంటారా? ఆదాయం సంవత్సరానికి నాలుగు లక్షల లోపే.

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టొద్దన్నా, ఓటీపీ అసలు చెప్పొద్దు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తుకి ఫీజు లేదు, స్కాలర్‌షిప్ గ్యారంటీగా ఇప్పిస్తానని చెప్పే అధికారం ఎవరికీ లేదు. ఆ పోర్టల్ పేరు చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉంటుంది, అది లేకపోతే అసలు స్కాలర్‌షిప్ పోర్టల్ కాదని గుర్తుపెట్టుకోండి.

అబ్బాయి రెండో ఏడాదికి వచ్చేశాడు కాబట్టి పైన చెప్పినవి కొత్తగా దొరకవు. మీరు చూడాల్సింది చదువు రుణం. విద్యాలక్ష్మి పోర్టల్ నుంచి బ్యాంకుకి అప్లై చేయొచ్చు, 4 లక్షల లోపు రుణానికి ఆస్తి తాకట్టు అడగకూడదు. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, న్యాక్ లేదా ఎన్‌బీఏ (కాలేజీల, కోర్సుల నాణ్యత చూసే సంస్థలు) గుర్తింపున్న చోట టెక్నికల్ కోర్సు చదువుతుంటే, చదివే కాలానికీ ఆపైన ఇంకో ఏడాదికీ వడ్డీ కేంద్రం భరించే పథకం ఉంది. బ్యాంకు మేనేజర్ తనంతట తాను చెప్పకపోవచ్చు, సీఎస్ఐఎస్ వడ్డీ సబ్సిడీ అని పేరు పెట్టి అడగండి. బయట నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఫీజు కట్టేముందు దయచేసి ఇది అడిగి చూడండి.

ప్రశ్న: కావలి. పాలిటెక్నిక్ పూర్తిచేసి ఈసెట్‌తో నేరుగా సెకండియర్‌లో చేరాను. ప్రగతికి నేను పనికొస్తానా?

జవాబు: వస్తావమ్మా. లేటరల్ ఎంట్రీతో రెండో ఏడాదిలో చేరేవాళ్లను కూడా తీసుకుంటారు, మిగిలిన మూడేళ్లకు ఇస్తారు. నువ్వు చేరిన ఈ ఏడాదే అప్లై చేయాలి. నీ క్లాసులో 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లెవరైనా ఉంటే సక్షమ్ స్కాలర్‌షిప్ గురించి చెప్పు. అదీ 50,000, అబ్బాయిలకూ ఉంది, అదే పోర్టల్.